నా నరాలకు నా నోరే వచ్చింది

ఈ మూడేళ్ళలో నా ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళు తక్కువలో తక్కువ నలభైమంది ఉంటారు. అందులో ఒకాయన నా వెన్నెముకను వీణలాగా మీటి, ఏ పూస అపస్వరం పలుకుతోందో చెప్పాడు.

రాసింది మళ్ళీ చదువుకున్నాను. నలభైమంది కాదు, ఓ అరడజను. వీణ కూడా లేదు. ఆయన వేళ్ళతో వెన్ను తడిమిన మాట నిజమే గానీ, చివరికి చెప్పింది మాత్రం నాకు గ్యాసు ఎక్కువని.

నా మాటలు ఇలాగే ఉంటాయి. ముందు పెంచుతాను, తర్వాత ఒప్పుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు ఆళ్ళగడ్డ, నంద్యాల మధ్య బస్సు కండక్టరుగా తిరిగిన మనిషిని. దారి పొడవునా ఏదో ఒకటి చెప్పకపోతే నాకూ పొద్దుపోదు, జనానికీ పొద్దుపోదు. కానీ ఇది రాయడానికి కారణం వేరే. రిపోర్టులన్నీ బాగున్నాయి, ఒళ్ళు మాత్రం బాగాలేదు అనేవాళ్ళు మన చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నాకే నాకు తెలిసింది. వాళ్ళకోసం రాస్తున్నాను. నొప్పి పోయిందని చెప్పను, పోలేదు. నొప్పికన్నా పెద్ద గండం ఒకటి గడిచింది. నాకు నొప్పి ఉందని నా భార్య ఓబులమ్మ నమ్మకపోవడం, అదీ ఆ గండం.

మొదలైంది ఒక ఎండాకాలం, బంగినపల్లి కాయలు తోపుడుబండ్ల మీదికి వచ్చిన రోజుల్లో. పొద్దున లేచేసరికి ఎవరో కట్టెతో ఒళ్ళంతా కొట్టిపోయినట్టు ఉంది. మెడ, భుజాలు, మోచేతులు, తుంట్లు. ఇవాళ ఇక్కడుంటే రేపు ఇంకోచోట. చొక్కా భుజానికి రాసుకుంటేనే చురుక్కుమనేది. ఎంతసేపు పడుకున్నా, లేస్తే రెండు డ్యూటీలు చేసి దిగినట్టుండేది.

మా వైపు దీన్ని తీపులు అంటాం. ఒళ్ళు తీపులు, కాళ్ళు తీపులు. నంద్యాలలో మొదట చూసిన డాక్టరు కోస్తా వైపునుంచి కొత్తగా వచ్చిన యువకుడు. ఒళ్ళంతా తీపులుగా ఉంది సార్ అన్నాను. ఎన్నాళ్ళ నుంచి తీపి ఎక్కువ తింటున్నారని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. నేనూ సరిదిద్దకుండా, రోజుకు అరకిలో మైసూర్‌పాకు తినే మనిషినని గొప్పలు కొట్టాను. రక్తం తీసి చక్కెర చూశారు. బాగుంది. తర్వాత వాతం చూశారు, థైరాయిడ్ చూశారు, మెడకూ నడుముకూ ఫోటోలు తీశారు. అన్నీ బాగున్నాయి. ప్రతి కాగితం మీదా నార్మల్ అని రాసేవాళ్ళు. ఆ మాట వినడానికి బెంచీల మీద ఎన్ని పూటలు కూర్చున్నానో. ఒకసారి సంజామల నుంచి వచ్చిన ఒకామె నేను అటూ ఇటూ కదలడం చూసి, తన తువ్వాలు చుట్టచుట్టి ఏమీ అడక్కుండా నా నడుము వెనక పెట్టింది. నన్ను పిలిచేదాకా దాన్ని తిరిగి అడగలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఇంట్లో మాత్రం నార్మల్ అనే మాట నా పాలిట శాపమైంది. ఓబులమ్మ చదువు ఐదో తరగతి వరకే అయినా ఆ మాట బాగా తెలుసు. "ఏం లేదంటాండరు కదా, ఇంక లెయ్" అనేది. ఆమెను తప్పుపట్టలేను. వెనకొకసారి మా బామ్మర్ది గృహప్రవేశానికి పోవడం ఇష్టంలేక గుండె పట్టుకుని కూర్చున్నాను. ఇంకోసారి ఓట్ల డ్యూటీ తప్పించుకోవడానికి కాలికి కట్టు కట్టుకుని, ఇంటికొచ్చాక ఏ కాలో మర్చిపోయి రెండో కాలితో కుంటుతూ నడిచాను. అలాంటి మనిషికి ఇప్పుడు నిజంగా నొప్పి వస్తే ఎవరు నమ్ముతారు?

మేమిద్దరం దుప్పట్లు పిండుకునే తీరు ఒకటుంది. ఉతికిన దుప్పటికి చెరోకొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడి మెలిపెడతాం. ఆ ఎండాకాలం ఒకరోజు మెలిపెడుతుంటే మోచేతి నుంచి వేళ్ళదాకా ఏదో గుంజినట్టై కొస వదిలేశాను. తడి దుప్పటి మట్టిలో పడింది. ఓబులమ్మ వెనక్కి తూలి గోడ పట్టుకుంది. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది. దుప్పటి ఎత్తుకుని మళ్ళీ ఒక్కతే ఉతికి, ఒక్కతే పిండి, నీళ్ళు కారుతుండగానే ఆరేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఏటి వానల్లో నంద్యాలలోనే పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన బొటనవేలితో అక్కడక్కడ నొక్కి చూశాడు. పద్దెనిమిది చోట్ల నొక్కితే పద్దెనిమిది చోట్లా అరిచాను. నిజం చెప్పాలంటే ఓ పన్నెండు చోట్ల అరుపు దానంతటదే వచ్చింది, మిగతావి వరసలో వచ్చేశాయి. ఆయన ఫైబ్రోమయాల్జియా అన్నాడు. ఆ పేరు నోరు తిరగడానికి నాకు వారం పట్టింది. ఓబులమ్మకు పేరుతో పనిలేదు.

"సార్, ఈయప్పకు నొప్పి ఉన్నట్టా, లేనట్టా? ఒక్క మాట చెప్పండి."

"ఉందమ్మా. ఎముకలోనో కండలోనో దెబ్బ ఏమీ లేదు. కానీ నరాలు చిన్న తాకిడిని కూడా పెద్ద దెబ్బ తగిలినట్టు మెదడుకు చెబుతున్నాయి. పెంచి చెబుతాయన్నమాట."

ఓబులమ్మ నా వైపు తిరిగి నింపాదిగా, "నీ నరాలకు గూడ నీ నోరే వచ్చింది" అంది.

డాక్టరు నవ్వాడు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. డాక్టరు చెప్పినవి రెండు మాటలు. ఉంది అన్నది ఒకటి, పెంచి చెబుతాయి అన్నది ఒకటి. ఆమె చెవిలో రెండోదే నిలిచిందని నాకు తెలుస్తూనే ఉంది.

మాత్రలు ఇచ్చారు, రోజూ కాసేపు నడవమన్నారు. రెండూ చేశాను, చేస్తున్నాను. కొంత నయం. మిగిలినదానికి చేత్తో తోమి నయం చేసేవాళ్ళ వెంట పడ్డాను. నంద్యాలలో కుస్తీలు నేర్పే పాత తాలీంఖానా ఉస్తాదు ఒకాయన ఉన్నాడు. నూనె పెట్టి తోమడంలో మంచి పేరు. ఆయన ముందు నా నోరు ఊరుకోలేదు. కుర్రతనంలో నేనూ కుస్తీ పట్టానని చెప్పాను. పట్టలేదు, గోడ మీద కూర్చుని చూశాను. ఉస్తాదు సంతోషించి సాటి పహిల్వానుకు చేసినట్టే చేశాడు. మోచెయ్యి వెన్నులో దిగుతుంటే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గట్టిగా ఉందా అని అడిగితే, ఇంకొంచెం వెయ్యి అన్నాను. నాలుగు రోజులు మంచం దిగలేదు.

ఐదో రోజు ఆయనే ఆళ్ళగడ్డ బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు, చేతిలో చిన్న నూనె సీసాతో. నేను కుస్తీ పట్టలేదని మొదటి పట్టులోనే తన చేతికి తెలిసిందట. "చేతి మాట ఇనాల్సింది. నీ మాట ఇన్నా. గల్తీ నాదే అన్నా" అన్నాడు. అబద్ధం నాది, క్షమాపణ ఆయనది. ఈ జబ్బున్నవాళ్ళకు నేను చెప్పగల హెచ్చరిక ఇదొక్కటే. మీ ఒంటి మీద పడే చెయ్యి ముందు గొప్పలు పోకండి. నొస్తే నొస్తోందని చెప్పండి.

తర్వాతి సంగతి కొంచెం కష్టమైనది.

మన వైపు ఒక నమ్మకం ఉంది. పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు వచ్చినవాళ్ళు, నడుము పట్టేసినవాళ్ళ వీపు మీద మూడుసార్లు పాదం మోపితే పట్టు వదులుతుందని. ఆళ్ళగడ్డలో అలా కాళ్ళతో పుట్టినవాడు ఎవరయ్యా అంటే, అందరూ చూపించేది నన్నే. నలభై ఏళ్ళకు పైగా ఎన్ని వీపుల మీద పాదం పెట్టానో. వెయ్యి అని రాయబోయి ఆగాను. రెండు మూడు వందలు ఉంటాయి. ఓబులమ్మ నడుమైతే లెక్కే లేదు. పెళ్ళైన కొత్తలో, పత్తి తీసి వచ్చి వంగలేక నిలబడ్డ రోజునుంచి, నెలకొకసారైనా చాప మీద బోర్లా పడుకునేది. నేను గోడ పట్టుకుని పాదం మోపేవాణ్ణి. లేచి చీర దులుపుకుని పనిలోకి పోయేది. నేను చెప్పే ఏ మాటా నమ్మని మనిషి నా కాలిని మాత్రం నమ్మింది.

ఇప్పుడు నాకే నొప్పి వచ్చేసరికి వీధిలో వాళ్ళు ఆటపట్టించారు, నీ వీపు మీద నువ్వే ఎక్కి తొక్కుకో అని. ఓబులమ్మ మాత్రం ఆటగా తీసుకోలేదు. అలాంటివాళ్ళు ఇంకెవరున్నారని వాకబు చేసింది. పప్పుశనగ కోతల రోజుల్లో, ఉయ్యాలవాడలో రత్నమ్మ అని ఒక కుట్టుపనామె ఉందని తెలిసింది. అంతకుముందు ఓబులమ్మ ఆసుపత్రికి నా వెంట వచ్చేది గానీ విసుక్కుంటూ వచ్చేది. ఆ రోజు తెల్లవారేసరికే తయారై, నాకు మెత్తగా ఉండేట్టు బస్సు సీటు మీద తన శాలువ మడిచి వేసింది.

రత్నమ్మకు యాభై దాటి ఉంటాయి. కుట్టుమిషను పక్కకు జరిపి చాప వేసింది. ఓబులమ్మ గడప దగ్గర కూర్చుంది. నేను బోర్లా పడుకున్నాను. రత్నమ్మ పాదం కడుక్కుని తుడుచుకుని వచ్చి, వెంటనే మోపకుండా నిలబడింది.

"నువ్వూ కాళ్ళతో పుట్టినోడివంట కదన్నా. నిన్నొక మాట అడగాల. తొక్కేటప్పుడు నీ కాలికి ఏమన్నా తెలుస్తాదా?"

చాపలో మొహం పెట్టుకునే, అలవాటుగా, "తెలుస్తాది. అరికాల్లో మొదలై మోకాలి దాకా కరెంటు పాకినట్టుంటాది" అన్నాను.

"నాకెప్పుడూ ఏం తెలియలేదన్నా. మా యమ్మ చెప్పిందని తొక్కుతాండా, అంతే. వచ్చినోళ్ళకు నిజంగా తగ్గుతాదో, నా మొగం చూసి తగ్గిందంటారో. నా కాల్లో ఏం లేదేమో అనుకుంటా ఉంటా. ఇప్పుడు నువ్వు చెప్తాంటే అదే నిజమనిపిస్తాంది."

అప్పుడు పాదం మోపింది, మూడుసార్లు. అంత బరువు లేకుండా, నిద్రపోతున్న పసిపిల్లను తాకినట్టు. నేను చాపలోనుంచి మొహం ఎత్తలేదు. నొప్పివల్ల కాదు.

బస్సెక్కి కూర్చున్నాక ఓబులమ్మ అడిగింది, "తగ్గిందా?" ఆ మొహంలో ఆశ చూసి ఎన్నాళ్ళైందో. తగ్గింది అంటే చాలు, నేను ఇన్నాళ్ళూ బాధపడ్డాననీ, ఇప్పుడు బాగైందనీ రెండూ ఒకేసారి నమ్మేది. నోటిదాకా వచ్చింది.

"లేదు" అన్నాను.

"ఒకే మాదిరి పుట్టినోళ్ళ కాలు ఒకరిది ఒకరికి పట్టదేమోలే."

"నేను కాళ్ళతో పుట్టలేదు ఓబులమ్మా. తలతోనే పుట్టినా."

చెప్పేశాను. చాలా ఏళ్ళ కిందట, నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, శిరివెళ్ళ దాటాక మా డ్రైవరుకు నడుము పట్టేసి బస్సు రోడ్డు పక్కన ఆగిపోయింది. బస్సునిండా జనం. ఎవరో, కాళ్ళతో పుట్టినోళ్ళు ఉంటే రండప్పా అని కేకేశారు. ఎవరూ లేవలేదు. ఎండ మండుతోంది, టైము మించిపోతోంది. నేనే అలా పుట్టినోణ్ణి అన్నాను. డ్రైవరును గట్టున బోర్లా పడుకోబెట్టి పాదం మోపాను. ఆయన లేచి బస్సు నడిపాడు. నంద్యాల చేరేసరికి ఆ సంగతి నాకన్నా ముందే ఊళ్ళోకి దిగింది. ఇంక ఎక్కడని దిద్దుకోను? మొదట్లో భయం, తర్వాత గొప్ప, ఆ తర్వాత అలవాటు. చివరికి నేనే నమ్మానేమో.

ఓబులమ్మ కిటికీలోనుంచి శనగ చేలు చూస్తూ అంతా వింది.

"ఎవరికి తెలుసు ఇది?"

"మా యమ్మకు."

"ఆయమ్మ పోయి ఇరవై ఏండ్లాయ."

ఆ తర్వాత ఆళ్ళగడ్డ వచ్చేదాకా మాట లేదు. ఇంటికొచ్చాక మూడు రోజులూ లేదు. అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాత్రల పొట్లం పళ్ళెం పక్కన పెట్టేది. నా నొప్పి నమ్మమని చేతులు జోడించాల్సిన సమయంలో, ఆమె నమ్మిన ఆ ఒక్కదాన్నీ నేనే తీసి పారేశానా అనిపించింది. ఆ మూడు రోజులూ ఒళ్ళు నొప్పి కూడా ఎక్కువైంది. ఇది పెంచి చెప్పడం కాదు.

నాలుగో రోజు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"ఉయ్యాలవాడ ఆమెకు చెయ్. నీ మాటిని తన కాల్లో ఏం లేదని కుములుతా ఉంటాది పాపం. ఆమెకు చెప్పినంక నాతో మాట్లాడు. నా నడుము సంగతి తర్వాత."

చేశాను. అటువైపు మిషను చప్పుడు ఆగింది. ఉన్నదంతా చెప్పాను. రత్నమ్మ తిడుతుందనుకున్నాను.

"అయితే నీకు కరెంటు పాకలేదా?"

"పాకలేదు తల్లీ. ఇన్నేండ్లలో ఒక్కసారి గూడ ఏం తెలియలేదు."

నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది, "నేను తొక్కినప్పుడు నీకెట్లుండ్య? ఈసారన్నా నిజం చెప్పు."

"నొప్పి పోలేదు. కానీ ఈ జబ్బు వచ్చినంక నన్ను అంత మెల్లగా తాకినోళ్ళు లేరు. ఆ కాసేపూ ఒళ్ళు బెదర్లేదు."

"అదన్నా ఉంది కదా" అని పెట్టేసింది.

ఓబులమ్మ వంటింట్లో నిలబడి అంతా వింటోంది. బయటికొచ్చి, ఆ చివరి మాట నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. నా మొహంలోకి అలాగే చూసి, మెల్లగా తాకేవాళ్ళనే వెతుక్కుంటే సరిపోయేది కదా, పహిల్వాన్లెందుకు అంది. ఏడాదిలో ఏ డాక్టరూ, ఏ ఉస్తాదూ, నేనూ కనిపెట్టలేని సంగతి అది.

అలా నంద్యాలలో గ్రేస్ దగ్గరికి చేరాం. గ్రేస్ ఫిజియోథెరపీ చదివిన అమ్మాయి, వాళ్ళ నాన్న పాస్టరు. నొక్కదు, లాగదు. గోరువెచ్చని గుడ్డ వేసి, అరచెయ్యి భుజం మీద ఆనించి, ఊపిరి నింపాదిగా వదలమంటుంది. మొదటిరోజు ఇదీ ఒక వైద్యమేనా అనుకున్నాను. మూడోసారికి ఆ బల్ల మీదే నిద్రపోయాను. ఇంట్లో చెయ్యడానికి ఓబులమ్మకూ నేర్పింది. రోజూ పొద్దున కాఫీ అయ్యాక, చింతపండు వాసన వేసే అరచెయ్యి నా మెడ మీద ఆనించి కూర్చుంటుంది. అది ఆనుతున్నంతసేపూ నా నరాలు కొంచెం తగ్గి మాట్లాడతాయి. చెయ్యి తీశాక మళ్ళీ మొదలుపెడతాయి, కాకపోతే మునుపటి గొంతుతో కాదు. అంతకన్నా ఎక్కువ చెప్పను. కొందరికి ఇదీ పనిచెయ్యదని గ్రేసే చెప్పింది.

ఓబులమ్మ నడుము సంగతి కూడా తేలింది. నా కాలికి రిటైర్మెంట్ ఇచ్చి, చేతికి డ్యూటీ వేసింది. ఇప్పుడు ఆమె నడుముకు నేను గుడ్డ కాచి పెడతాను. ఒకరోజు అలా పెడుతుంటే, మరి ఇన్నేండ్లూ నాకు తగ్గిందెట్ల అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలియదని చెప్పడం నాకు కొత్త. ఆమె కూడా దాన్ని కొత్తగానే విని, సరేలే, గుడ్డ ఇంకొంచెం పైకి జరుపు అంది.

గ్రేస్ దగ్గర ఒక కాగితం ఉంటుంది. పోయినప్పుడల్లా, నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో అడిగి రాసుకుంటుంది. నేను మొదట్లో పది అనేవాణ్ణి. ఒకసారి పన్నెండు అన్నాను. కాగితంలో అంత చోటు లేదంది.

మొన్న గురువారం పోయినప్పుడు తొమ్మిది అన్నాను.

"ఆరు రాయి తల్లీ" అంది ఓబులమ్మ, పక్క కుర్చీలోనుంచి.

గ్రేస్ కలం ఆపి, పెద్దాయన తొమ్మిదంటున్నారు కదమ్మా అంది.

"తొమ్మిదైతే ఈయప్ప మాట్లాడడు. గోడపక్కకు తిరిగి పండుకుంటాడు. అన్నంలో ఉప్పు లేకపోయినా గమ్మున తింటాడు. సోమవారం తొమ్మిదుండ్య. మంగళవారం ఏడు. ఈ పొద్దు బస్సులో పక్కసీటాయనకు ఒకటే కథలు చెప్పుకుంటా వచ్చినాడు. ఆరు."

ఆ సోమవారం ఇంట్లో ఎలా ఉందని ఓబులమ్మ అడిగితే నేను ఏమీ లేదనే చెప్పాను.

గ్రేస్ నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఆమె చెప్పిందే రాయి" అన్నాను.